వీడియో పాఠములయందు మందధ్వని: దాని కారణములును, నివారణోపాయములును

ఉపాధ్యాయుని విద్య యెంత గొప్పదైనను, ఆయన మాట విద్యార్థి చెవిని జేరనిచో ఆ విద్య విద్యార్థికి లేనట్లే. తరగతి గదిలో ఈ కొఱత వెంటనే బయటపడును. వెనుక బల్లమీది బాలుడు “సార్, వినబడుట లేదు” అనును. అనకున్నను అతని ముఖమే ఆ మాట చెప్పును. ఉపాధ్యాయుడు రెండడుగులు ముందునకు వచ్చి, గొంతు హెచ్చించి, మరల చెప్పును. రికార్డు చేసిన పాఠమునకు ఈ సౌకర్యము లేదు. అది వినువాని ముఖమును చూడజాలదు. ధ్వని తక్కువగా నున్నచో బాలుడు కొంతసేపు ఫోనును చెవికి ఆనించుకొని వినును. పిమ్మట విసిగి దానిని ప్రక్కన బెట్టును. పాఠము పంపితిమని మనమందుము. పాఠము వినలేదని అతడెవరికిని చెప్పడు.

2020వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీనుండి తెలంగాణములోని ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ప్రసారముల మూలమున పాఠములు చెప్పబడినవి. అవి స్టూడియోలలో సిద్ధమైనవి. కాని అదే కాలమున అనేకులగు ఉపాధ్యాయులు తమ ఫోనును పుస్తకముల దొంతరకు ఆనించి నిలిపి, తామే పాఠములు రికార్డు చేసి పిల్లలకు పంపిరి. బడులు తెఱచిన పిమ్మటను ఆ యలవాటు పూర్తిగా పోలేదు. బడికి రాలేకపోయిన పిల్లల కొఱకును, పరీక్షలముందు పునశ్చరణము కొఱకును అది నేటికిని ఉపయోగపడుచున్నది. ఇట్టి పాఠములయందు తఱచుగా వినవచ్చు ఫిర్యాదు ఒక్కటే: “బొమ్మ బాగున్నది, మాట వినబడదు.” ఈ దోషము ఎందువలన గలుగునో, దానిని ఎట్లు సరిచేయవలెనో ఈ వ్యాసమునందు వివరింపదలచితిమి.

1. ఈ దోషము ఎవరికి ఎక్కువ హాని చేయును?

మంచి ఇయర్‌ఫోనులు గలవాడు మందధ్వనిని ఎట్లో విని గ్రహింపగలడు. ఇంటికంతటికిని ఒక చిన్న ఫోనుండి, దానిని ముగ్గురు పిల్లలు వంతులవారీగా చూచుచుండగా, పైన రేకుల కప్పుమీద వాన కురియుచుండగా వినువాడు గ్రహింపజాలడు. మఱియు తాండూరు కర్ణాటక సరిహద్దునకు దగ్గఱ నున్నది. అచ్చటి పిల్లలలో కొందఱు ఇంటియొద్ద ఉర్దూ, మఱికొందఱు కన్నడము మాటలాడుదురు. ఎఱిగిన భాషలో సగము మాట వినబడినను మిగిలిన సగమును మనస్సు పూరించుకొనును. నేర్చుకొనుచున్న భాషలో అట్లు పూరించుకొనుట సాధ్యము కాదు. కావున ధ్వని తగ్గినప్పుడు మొదట నష్టపోవువాడు, ఏ బాలుని కొఱకు ఆ పాఠము ముఖ్యముగా రికార్డు చేయబడెనో ఆ బాలుడే.

తెలుగు వాక్యపు నిర్మాణము ఈ హానిని మఱింత పెంచును. మన వాక్యమునకు ప్రాణము చివర నుండును. “ఈ సంఖ్య మూడుచేత భాగింపబడును”, “ఈ సంఖ్య మూడుచేత భాగింపబడదు” అను రెండు వాక్యములను చూడుడు. ఔననుటకును కాదనుటకును గల భేదమంతయు తుది అక్షరములలో నున్నది. “ఈ ద్రావణమును వేడి చేయవలెను”, “వేడి చేయవలదు” అనునవియు నట్టివే. కాని మాటలాడు మనిషికి వాక్యము చివర ఊపిరి తగ్గును, గొంతు దిగును. అందుచేత మందధ్వని గల పాఠములో మొదట మునిగిపోవునది వాక్యాంతమే. అట్టి పాఠము విన్న బాలుడు విషయమును వినకపోవుట మాత్రమే కాదు, తలక్రిందులుగా వినును.

అచ్చులకంటె హల్లులు బలహీనములు. ఆ, ఓ మొదలగు అచ్చులు బిగ్గఱగా మ్రోగును; త, ప, క, స మొదలగు హల్లులు క్షణకాలము మాత్రమే, సన్నగా పలుకును. మాటకు మాటకు భేదము చూపునవి ముఖ్యముగా హల్లులు. దూరము పెరిగిన కొలదియు, ప్రతిధ్వని హెచ్చిన కొలదియు మొదట చెడునవియు నవే.

2. ధ్వనికి కొలత

ధ్వని బలమును డెసిబెల్‌లలో కొలుతురు. ఈ పేరు టెలిఫోను నిర్మాతయగు అలెగ్జాండరు గ్రాహం బెల్ (1847–1922) పేరునుండి వచ్చినది. ఆయన చెవిటి పిల్లలకు చదువు చెప్పిన ఉపాధ్యాయుడు కూడ. రెండు సంగతులు గుర్తుంచుకొనినచో చాలును. ధ్వని పీడనము రెట్టింపైనచో సుమారు 6 డెసిబెల్‌లు పెరుగును. చెవికి రెట్టింపు బిగ్గఱగా తోచుటకు సుమారు 10 డెసిబెల్‌లు కావలెను.

రికార్డు చేసిన ఫైలులో లెక్క వేఱు. అందు సున్న డెసిబెల్ అనునది కుండ అంచు వంటిది. అంతకు పైన చోటు లేదు. పోసినది పొర్లిపోవును, అనగా మాట పగిలి బరబరలాడును. కావున ఫైలులోని ధ్వనులన్నియు అంచునకు ఎంత దిగువ నున్నవో చెప్పుచు, −6, −20 అని ఋణసంఖ్యలుగా వ్రాయుదురు.

3. రోగనిర్ణయము

మందునకు ముందు రోగమేదో తెలిసికొనవలెను. మందధ్వనికి సాధారణముగా ఐదు కారణములుండును.

మొదటిది, వినువాని ఫోను. అదే ఫోనులో వేఱొక వీడియోను వినిపించి చూడవలెను. అదియు మందముగ నున్నచో దోషము పాఠముది కాదు. తఱచుగా ఫోను స్పీకరు రంధ్రములలో దుమ్ము పేరుకొని యుండును.

రెండవది, పనిచేయని మైకు. కెమెరాల కొఱకు చేసిన కాలరు మైకు ముల్లుమీద రెండు నల్లని వలయములును, ఫోనుల కొఱకు చేసినదానిమీద మూడును ఉండును. మొదటి రకమును నేరుగా ఫోనునకు దగిలించినచో చాల ఫోనులు దానిని గుర్తింపవు. చొక్కాకు మైకు వ్రేలాడుచున్నను, రికార్డు చేయునది దూరమున నున్న ఫోనులోని మైకే. పరీక్ష సులభము. అర నిమిషము రికార్డు చేయుచు కాలరు మైకును వ్రేలితో మెల్లగా తట్టవలెను. ఆ చప్పుడు బిగ్గఱగా వినబడనిచో మైకు పనిచేయుట లేదని యర్థము.

మూడవది, రెండు మార్గముల కలహము. స్టీరియో రికార్డింగునందు ఎడమ, కుడి అను రెండు ధ్వనిమార్గములుండును. ఒక్కొకప్పుడు తీగెల లోపమువలన ఒకటి రెండవదానికి తలక్రిందుగా నమోదగును. ఇయర్‌ఫోనులలో ఒక్కొక్క చెవికి ఒక్కొక్క మార్గము చేరును గనుక మాట వినబడును. ఒకే స్పీకరు గల ఫోనులో రెండును కలిసి, ధనము ఋణము చేరి సున్నయైనట్లు, మాట దాదాపు మాయమగును. “ఇయర్‌ఫోనులో బాగున్నది, ఫోనులో లేదు” అని విద్యార్థి చెప్పినచో ఈ దోషమునే మొదట అనుమానింపవలెను. ఒక మార్గమును తీసివేసి, మిగిలినదానిని మోనోగా చేసినచో ఇది పూర్తిగా నయమగును.

నాలుగవది దూరము, ఐదవది గది. ఈ రెండును అన్నిటికంటె సాధారణములు గనుక వీనిని విడిగా వివరింతుము.

4. దూరము చేయు నష్టము

బయలు ప్రదేశమున నోటికిని మైకునకును నడుమ దూరము రెట్టింపైన ప్రతిసారియు ధ్వని 6 డెసిబెల్‌లు తఱుగును. గదిలో ప్రతిధ్వని కొంత వచ్చి చేరును గాని, నోటినుండి నేరుగా వచ్చు స్పష్టమైన మాటకు ఈ లెక్కయే వర్తించును. ఒక ఉదాహరణము చూతము. ఉపాధ్యాయుని మాట 1 మీటరు దూరమున 60 డెసిబెల్‌లు, గదిలోని ఫ్యాను చప్పుడు 45 డెసిబెల్‌లు అనుకొందము.

ఫోను 2 మీటర్ల దూరమున నున్నచో మాట 54, ఫ్యాను 45. భేదము 9.

మైకు 25 సెంటీమీటర్ల దూరమున నున్నచో మాట 72, ఫ్యాను 45. భేదము 27.

ఇక మొదటి రికార్డింగును తరువాత కంప్యూటరులో 18 డెసిబెల్‌లు పెంచితిమనుకొనుడు. మాట 72 అగును; కాని ఫ్యాను కూడ 63 అగును. భేదము మరల 9 మాత్రమే.

ఈ మూడు లెక్కలలో పాఠమంతయు ఇమిడి యున్నది. తరువాత పెంచుట యనగా మాటతోబాటు చప్పుడును పెంచుట. దగ్గఱకు జరుపుట యనగా మాటను మాత్రమే పెంచుట. ఖర్చు లేని ఈ పనిని విడిచి, ఖర్చు గల యంత్రములకొఱకు వెదకుట తగదు. మైకు లేనివారు రెండవ ఫోనును ధ్వని కొఱకు మాత్రమే నోటికి జానెడు దూరమున నుంచుకొని రికార్డు చేయవచ్చును. ప్రారంభమున ఒక్కసారి చప్పట్లు కొట్టినచో, ఆ చప్పట్ల గుర్తునుబట్టి బొమ్మను ధ్వనిని తరువాత జతపఱచుట సులభము.

నల్లబల్లవైపు తిరిగి వ్రాయుచు మాటలాడరాదని శిక్షణ కళాశాలలో మాకు నేర్పిరి. వీడియో పాఠమునకు ఈ నియమము మఱింత అవసరము. వ్రాయునప్పుడు మౌనముగ వ్రాసి, ఇటు తిరిగి చెప్పవలెను.

5. గది చేయు నష్టము

గోడలకు చెవులుండునని పెద్దలందురు. మన ప్రాంతపు గదులలో గోడలకు నోరు కూడ నున్నది. తాండూరు నాపరాయి పేరు గన్నది. మన ఇండ్లలోను బడులలోను నేలలు దానితో పఱచినవే. ఆ బండ చల్లగా నుండును, కడుగుట సులభము, తరతరములు నిలుచును. కాని నున్నని రాయి తనపై బడిన ధ్వనిలో నూటికి ఒకటి రెండు పాళ్ళు మాత్రమే పీల్చుకొని, మిగిలినదానిని త్రిప్పి కొట్టును. సిమెంటు గోడయు, స్లాబును దాదాపు నట్టివే. ఆ ధ్వని గదిలో మాటిమాటికి తిరుగుచు, ఒక అక్షరము ఆఱకముందే వచ్చు అక్షరముమీద పడును.

ఈ విషయమును మొదట లెక్కగట్టినవాడును ఉపాధ్యాయుడే. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫాగ్ మ్యూజియము ఉపన్యాసశాలలో మాటలు అర్థమగుట లేదని ఫిర్యాదు రాగా, 1895లో దానిని సరిచేయు పనిని వాలెస్ సాబిన్ అను యువ భౌతికశాస్త్రోపాధ్యాయునికి అప్పగించిరి. ఆయన రాత్రివేళల మఱియొక శాలనుండి కుర్చీల దిండ్లు తెప్పించి, అచ్చట పేర్చుచు, ధ్వని ఆఱిపోవుటకు పట్టుకాలమును కొలిచెను. ఖాళీ శాలలో అది ఐదు సెకండ్లకు మించి యుండెను. ఆయన కనుగొనిన సూత్రమిది: గది ఘనపరిమాణమును 0.16 చేత గుణించి, గదిలోని మొత్తము పీల్చుశక్తిచేత భాగించినచో, ధ్వని ఆఱుకాలము సెకండ్లలో వచ్చును. పూర్తిగా తెఱచిన ఒక చదరపు మీటరు కిటికీని పీల్చుశక్తికి ఒక పాలుగా గణింతురు.

మన గది 6 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు అనుకొందము. ఘనపరిమాణము 90 ఘనపు మీటర్లు. నేల, కప్పు, గోడలు కలిపి 126 చదరపు మీటర్లు. తలుపులు కిటికీలు మూసి, సరాసరిని నూటికి మూడు పాళ్ళు పీల్చుననుకొన్నచో మొత్తము పీల్చుశక్తి సుమారు 3.8. ఆఱుకాలము 14.4 ÷ 3.8, అనగా సుమారు 3.8 సెకండ్లు. అదే గదిలో 30 మంది పిల్లలు కూర్చున్నచో, ఒక్కొక్కరికి 0.3 వంతున పీల్చుశక్తి 9 పెరిగి 12.8 అగును. ఆఱుకాలము సుమారు 1.1 సెకండ్లకు దిగును.

ఇందువలన ఒక విచిత్రము తేలుచున్నది. తరగతిలో స్పష్టముగ వినబడు ఉపాధ్యాయుడే, బడి విడిచిన పిమ్మట ఖాళీ గదిలో రికార్డు చేసినచో అస్పష్టముగ వినబడును. మాటను ఇన్నాళ్ళు చక్కబఱచుచున్నవారు ఎదుట గూర్చున్న పిల్లలే! వారు లేనప్పుడు ఆ పని బొంతలచేత చేయింపవచ్చును. మూడేసి చదరపు మీటర్ల బొంతలు నాలుగు తెచ్చి, నేలమీద రెండు పఱచి, ఉపాధ్యాయుని ఎదుట రెండు వ్రేలాడదీసినచో, అవి తమపై బడిన ధ్వనిలో సగము పీల్చుననుకొన్నను, పీల్చుశక్తి 9.8 అగును, ఆఱుకాలము సుమారు 1.5 సెకండ్లకు దిగును. మాట స్పష్టతకు ఈ కాలము ఒక సెకండునకు లోపల నుండుట మేలు. కావున బొంతలతోబాటు మైకును దగ్గఱకు దెచ్చుట తప్పదు.

వేళయు ముఖ్యమే. తాండూరులో నాపరాళ్ళను కోయు, పాలిషు పట్టు యంత్రములు ఆగిన వేళను, వికారాబాదు జంక్షనుకు దగ్గఱ నుండువారు రైళ్ళ కూతలు తక్కువగా నుండు వేళను ఎన్నుకొనవలెను. ఫ్యాను ఆపవలెను. పది నిమిషముల ఉక్కను ఉపాధ్యాయుడు ఓర్చుకొన్నచో వినువారందఱికిని సుఖము.

6. రికార్డయిన పిమ్మట చికిత్స

మరల రికార్డు చేయుటకు వీలున్నచో అదియే ఉత్తమము. వీలు లేనప్పుడు ఈ క్రమమున సరిచేయవలెను. ఆడాసిటీ అను ఉచిత సాధనము 2000వ సంవత్సరమునుండి వాడుకలో నున్నది. ఇట్టివి మఱికొన్నియు గలవు. ఏ సాధనమైనను క్రమమిదే.

మొదట అసలు వీడియోకు నకలు తీసి భద్రపఱచి, పని యంతయు నకలుమీదనే చేయవలెను. ధ్వనిని వేఱు చేసిన పిమ్మట దాని నిడివిని కత్తిరింపరాదు. కత్తిరించినచో పెదవులొక చోట, మాటలొక చోట నుండును.

పిమ్మట 80 హెర్ట్‌జ్‌లకు లోపలి గుబగుబ ధ్వనిని తీసివేయవలెను. చిన్న ఫోను స్పీకరు దానిని ఎట్లును పలికింపజాలదు. అది కుండలో చోటు మాత్రము ఆక్రమించును.

తరువాత ఫ్యాను మొదలగు ఎడతెగని చప్పుడును నాయిస్ రిడక్షన్ మూలమున కొంత తగ్గించవలెను. ఇందునకు గది చప్పుడు మాత్రమే యున్న రెండు మూడు సెకండ్ల నమూనా కావలెను. అందువలన ప్రతి రికార్డింగు మొదటను ఐదు సెకండ్లు మౌనముగా నిలిచియుండుట మంచి యలవాటు. చప్పుడును పూర్తిగా తీసివేయబోయినచో హల్లులును దానితో కొట్టుకొనిపోవును. కొంత మిగిలినను ఫరవా లేదు.

ఇక ముఖ్యమైన ఘట్టము. “నార్మలైజ్ చేసితిమి, అయినను ధ్వని పెరుగలేదు” అని కొందఱు వాపోవుదురు. కారణమిది. ఆ సాధనము ఫైలులోని అత్యున్నత శిఖరమును మాత్రమే చూచును. మాట −18 యొద్ద నుండి, నడుమ ఎచ్చటనో డస్టరు బల్లమీద పడిన చప్పుడు −2 యొద్ద నున్నచో, ఆ చప్పుడు అంచును దాటునను భయమున మాటను కూడ ఒకటి రెండు డెసిబెల్‌లకు మించి పెంచదు. అట్టి చప్పుళ్ళను మొదట విడివిడిగా ఎంచి తగ్గింపవలెను.

గొంతులోనే హెచ్చుతగ్గు లున్నప్పుడు కంప్రెసర్ అను సాధనము వాడవలెను. అది నిర్ణీతమైన గీటును దాటిన ధ్వనిని అణచును. మామూలు మాట −18, గొంతెత్తిన మాట −6 అనుకొందము. అణచక పెంచినచో 5 మాత్రమే పెంచవచ్చును. మామూలు మాట −13 కు చేరును. గీటును −18 యొద్ద నుంచి, మూడింట ఒక వంతు మాత్రమే దాటనిచ్చినచో, −6 లోని 12 డెసిబెల్‌ల మించుదల 4 అయి, శిఖరము −14 అగును. ఇప్పుడు మొత్తమును 13 పెంచవచ్చును. శిఖరము −1 యొద్ద నిలుచును. మామూలు మాట −5 కు చేరును. లాభము 8 డెసిబెల్‌లు. దిగిపోయిన వాక్యాంతములు పైకి వచ్చునదియు దీనివలననే. అయితే ఇదియు గది చప్పుడును పైకి తెచ్చును గనుక మితముగా వాడవలెను.

కడపట లౌడ్‌నెస్ నార్మలైజేషన్ అను సాధనముతో మొత్తము బిగ్గఱతనమును స్థిరపఱుపవలెను. ఇది శిఖరములను గాక, చెవికి తోచు సరాసరిని కొలుచును. ఐరోపా ప్రసారసంస్థలు 2010లో టెలివిజను, రేడియోలకు −23 అను ప్రమాణమును స్వీకరించినవి. ఫోనులో వినదగిన మాటల పాఠమునకు −16 మొదలు −14 వఱకు వాడుట పరిపాటి. తరువాత ధ్వనిని మరల బొమ్మతో జతపఱుపవలెను.

7. పరీక్ష

సరిచేసినవాడు తానే విని తృప్తిపడరాదు. అతనికి పాఠము ముందే తెలియును గనుక వినబడని మాటయు వినబడినట్లే తోచును. ఉక్తలేఖనమే సరియైన పరీక్ష. పాఠమునందలి పది వాక్యములను, వానిలో సగము “అగును”, “కలదు” అనియు, సగము “కాదు”, “లేదు” అనియు ముగియునట్లు ఎన్నుకొనవలెను. ఆ పాఠము ఎఱుగని బాలుని, సాధ్యమైనచో తెలుగు ఇంటిభాష కానివానిని పిలిచి, చిన్న ఫోనును మూరెడు దూరమున నుంచి, ఫ్యాను తిరుగుచుండగా ఒక్కొక్క వాక్యమును ఒక్కసారి వినిపించి వ్రాయింపవలెను. వాక్యాంతములు పదియు సరిగా వ్రాసినచో పాఠమును పంపవచ్చును. ఒక్కటి తప్పినను, బాలుని తప్పుగా నెంచక, ఆ చోట ధ్వనిని మరల చూడవలెను. వినికిడి తక్కువగా నున్న పిల్లలకు ధ్వని యెంత పెంచినను చాలకపోవచ్చును. వారి కొఱకు ముఖ్యవాక్యములను బొమ్మ క్రింద అక్షరములలో చూపుట విధి.

అభ్యాసములు

1. మైకు నోటికి 160 సెంటీమీటర్ల దూరమున నున్నది. దానిని 20 సెంటీమీటర్లకు తెచ్చినచో నేరుగా వచ్చు మాట ఎన్ని డెసిబెల్‌లు పెరుగును?

2. ఒక ఫైలులో మాట శిఖరము −15, దగ్గు చప్పుడు −3. శిఖరమును −1 కు తెచ్చు సాధనము మాటను ఎంత పెంచగలదు? దగ్గును −15 కు తగ్గించిన పిమ్మట ఎంత పెంచగలదు?

3. మీ తరగతి గదిని కొలిచి, అది ఖాళీగా నున్నప్పుడును, మీరందఱు కూర్చున్నప్పుడును ధ్వని ఆఱుకాలమెంతో పైని సూత్రముచే కనుగొనుడు.

4. తుది అక్షరములచేత మాత్రమే అర్థము తాఱుమాఱగు వాక్యముల జంటలు పది వ్రాసి, గది వెనుకనుండి మిత్రునిచేత చదివించి ఉక్తలేఖనము వ్రాయుడు.